ఆటలమ్మ టీకా: అరవై ఏళ్ళ వాదం, తేలని లెక్క

ఆటలమ్మకు టీకా కనిపెట్టి యాభై ఏళ్ళు దాటింది. అమెరికా 1995 నుంచి పిల్లలందరికీ వేస్తోంది. టీకా పుట్టిన జపాన్ మాత్రం 2014 దాకా ఆగింది. బ్రిటన్ అయితే వద్దు వద్దంటూనే వచ్చి 2026 జనవరిలో మొదలుపెట్టింది. మన దేశంలో సర్కారు ఉచితంగా వేసే టీకాల జాబితాలో ఇది లేదు. ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర డోసుకు సుమారు రెండు వేల రూపాయలు పెట్టగలిగినవాళ్ళు వేయిస్తున్నారు, మిగతావాళ్ళు గుమ్మానికి వేపమండలు కడుతున్నారు.

వైరస్ అన్నిచోట్లా ఒకటే. టీకాలు కూడా దాదాపు అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవే. అయినా ఇన్ని దేశాలు ఇన్ని దారులు ఎందుకు పట్టాయి? ఈ వాదంలో వైద్యులు, గణిత నమూనాలు కట్టేవాళ్ళు, ఖర్చు లెక్కలు చూసేవాళ్ళు, అమ్మమ్మలు అందరూ ఉన్నారు. ఎవరి మాటలో ఎంత బలముందో, ఏది తేలిందో, ఏది తేలలేదో ఒకసారి చూడాలి.

జబ్బు సంగతి

ఆటలమ్మను తెచ్చేది వారిసెల్లా జోస్టర్ వైరస్. గాలి ద్వారానూ, పొక్కుల్లోని నీరు తగిలినా అంటుకుంటుంది. సోకిన 10 నుంచి 21 రోజులకు జ్వరం, నలత, ఆ వెంటనే ఎర్రటి దద్దు. ఆ దద్దు గంటల్లోనే నీటిపొక్కుగా మారుతుంది. మొదట వీపు, ఛాతీ, పొట్ట, ఆ తర్వాత ముఖం, చేతులు, కాళ్ళు. పొక్కులు విడతలు విడతలుగా లేస్తాయి కాబట్టి, జానెడు చోటులోనే ఎర్రమచ్చ, నీటిపొక్కు, ఎండిన పక్కు మూడూ కనిపిస్తాయి. డాక్టరు చూడగానే గుర్తుపట్టేది దీన్నిబట్టే. టీకా వేయని పిల్లలకు సాధారణంగా 250 నుంచి 500 పొక్కులు లేస్తాయి.

దద్దు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది ఇతరులకు అంటుకుంటుంది. పొక్కులన్నీ పక్కు కట్టేదాకా ఆ గుణం పోదు. ఇంట్లో ఒకరికి వస్తే, అంతకుముందు రానివాళ్ళలో నూటికి తొంభై మంది దాకా అంటించుకుంటారు. అందుకే పిల్లవాణ్ణి బడి మాన్పించడం అవసరమే అయినా, దానివల్ల వ్యాప్తి పూర్తిగా ఆగదు. మాన్పించే సమయానికే పక్క బెంచీ పిల్లలకు చేరిపోయి ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. సర్కారు వేసే ఎంఆర్ టీకా తట్టుకూ రుబెల్లాకూ పనికొస్తుంది, ఆటలమ్మకు పనికిరాదు. "టీకాలన్నీ వేయించాం, అయినా పోసింది" అనే తల్లిదండ్రుల ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడి నుంచే వస్తుంది. తట్టులో కళ్ళు ఎర్రబడతాయి, ముక్కు కారుతుంది, దగ్గు ఉంటుంది. దద్దు ముఖం మీద మొదలై కిందికి దిగుతుంది. నీటిపొక్కులు మాత్రం ఉండవు.

పిల్లల్లో ఆటలమ్మ చాలావరకు తేలిగ్గానే పోతుంది. అయితే వయసు పెరిగేకొద్దీ కథ మారుతుంది. టీకాకు ముందు అమెరికాలో వేసిన లెక్కల ప్రకారం 1 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో లక్ష కేసులకు ఒకరు చనిపోతే, 30 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో లక్షకు 25 మంది చనిపోయేవారు. పెద్దల్లో న్యుమోనియా భయం ఎక్కువ. గర్భిణికి మొదటి 20 వారాల్లో వస్తే, శాతం తక్కువే అయినా బిడ్డ అవయవాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. కాన్పుకు అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు తల్లికి దద్దు లేస్తే పసికందు ప్రాణానికే ముప్పు. కీమోథెరపీ తీసుకుంటున్న పిల్లలకూ అంతే. ఈ వయసు తేడాను గుర్తుపెట్టుకోవాలి. టీకా వాదం మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

మశూచి నీడలో

చాలా కాలం ఆటలమ్మను మశూచికి చెల్లెలుగానే చూశారు. రెండూ వేరని లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ 1767లో స్పష్టంగా వివరించాడు. మన దగ్గర కూడా పెద్దమ్మవారు వేరు, ఆటలమ్మ వేరు అని జనానికి తెలుసు. కానీ పూజ, పథ్యం, మైల మాత్రం రెండింటికీ ఒకటే. 1970లలో మశూచి నిర్మూలన బృందాలు ఊరూరా వెతికినప్పుడు వాళ్ళను బాగా తిప్పలు పెట్టింది ఆటలమ్మే. పొక్కులు కనిపించిన ప్రతి ఇంటికీ వెళ్ళి, ఇది అది కాదని తేల్చుకోవలసి వచ్చింది. దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. ఆ తర్వాత అమ్మవారి ఆచారాలన్నీ ఆటలమ్మకూ తట్టుకూ మిగిలాయి.

ఈ వైరస్‌కు రెండో ముఖం ఉందని వైద్యులకు తెలియడానికి ఇంకా కాలం పట్టింది. హంగరీ వైద్యుడు యానోష్ బోకాయ్ 19వ శతాబ్దం చివర ఒక విషయం గమనించాడు. పెద్దలకు సర్పి (హెర్పిస్ జోస్టర్) లేచిన ఇళ్ళలో పిల్లలకు ఆటలమ్మ వస్తోంది. 1950లలో థామస్ వెల్లర్ ప్రయోగశాలలో వైరస్‌ను పెంచి, రెండింటికీ కారణం ఒకటేనని చూపించాడు. ఆటలమ్మ తగ్గాక వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల మూలాల్లో దాక్కుని, వయసు మీదపడి రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు సర్పిగా లేస్తుంది.

1965లో ఇంగ్లండ్‌లోని సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేసే ఎడ్గర్ హోప్ సింప్సన్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆటలమ్మ వచ్చిన పిల్లల మధ్య తిరిగే పెద్దలకు వైరస్ మళ్ళీ మళ్ళీ తగులుతూ ఉంటుంది, ఆ తగలడమే వాళ్ళ రోగనిరోధక శక్తిని పదును పెట్టి సర్పిని ఆపుతుంది అని ప్రతిపాదించాడు. ఒక మామూలు డాక్టరు, తన రోగుల చిట్టాలు చూసి చేసిన ఊహ ఇది. దశాబ్దాల పాటు కొన్ని ప్రభుత్వాల నిర్ణయాలను శాసించింది ఈ ఊహే.

ఒక తండ్రి, ఒక టీకా

1964లో జపాన్ వైరాలజిస్టు మిచియాకి తకహాషి అమెరికాలోని టెక్సాస్‌లో పరిశోధన చేస్తున్నాడు. ఆయన కొడుక్కి ఆటలమ్మ తీవ్రంగా వచ్చింది. ఒసాకాకు తిరిగి వెళ్ళాక ఆయన టీకా పనిలో దిగాడు. ఓకా అనే ఇంటిపేరున్న ఒక బాలుడి పొక్కుల నుంచి తీసిన వైరస్‌ను కణాల్లో పదేపదే పెంచి నీరసింపజేశాడు. 1974లో ఫలితాలు వెలువడ్డాయి. ఇవాళ ప్రపంచంలో వాడే ఆటలమ్మ టీకాల్లో అత్యధికం ఈ ఓకా రకం వైరస్‌తో చేసినవే.

ఒక డోసు మామూలు ఆటలమ్మను నూటికి 80 మందిలో ఆపుతుంది. తీవ్రమైన జబ్బునైతే దాదాపు పూర్తిగా ఆపుతుంది. రెండు డోసులు వేస్తే రక్షణ 90 శాతం దాటుతుంది. టీకా వేసినా వచ్చే ఆటలమ్మలో పొక్కులు సాధారణంగా యాభై లోపే ఉంటాయి. ఇది సజీవ వైరస్ టీకా కాబట్టి గర్భిణులకూ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకూ వేయరు. టీకా పనితనం మీద పెద్ద తగాదా లేదు. తగాదా అంతా దాన్ని అందరికీ వేస్తే సమాజంలో ఏం జరుగుతుందన్న దాని మీదే.

"రానివ్వండి, పోతుంది" అనే వాదం

ఇది అన్నిటికన్నా పాతది. చిన్నప్పుడే వచ్చిపోతే మంచిదని తెలుగిళ్ళలో అనడం మామూలే. పాశ్చాత్య దేశాల్లో పొక్కులున్న పిల్లవాడి ఇంటికి మిగతా పిల్లల్ని పిలిచి కావాలని అంటించే విందులు కూడా జరిగాయి. ఈ మాటలో సగం నిజముంది. అయిదేళ్ళప్పుడు రావడం ముప్పై అయిదేళ్ళప్పుడు రావడం కన్నా నయమే. మిగతా సగాన్ని వదిలేయడమే దీని లోపం. టీకాకు ముందు అమెరికాలో ఏటా దాదాపు 40 లక్షల కేసులు వచ్చేవి. పది వేలకు పైగా ఆసుపత్రి పాలయ్యేవారు, 100 నుంచి 150 మంది చనిపోయేవారు. వాళ్ళలో చాలామంది అంతకుముందు ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతులే. పైగా వచ్చిపోయిందనుకున్న వైరస్ నిజానికి పోదు, సర్పికి విత్తనం అక్కడే పడుతుంది. ఈ వాదాన్ని ఇవాళ ఏ వైద్య సంస్థా సమర్థించడం లేదు.

అమెరికా దారి, బ్రిటన్ సంకోచం

అమెరికా 1995లో ఒక డోసుతో మొదలుపెట్టింది. బడుల్లో ఆటలమ్మ అప్పుడప్పుడు ప్రబలుతూనే ఉండటంతో 2006లో రెండో డోసు చేర్చింది. మొదటి పాతికేళ్ళలో 9 కోట్లకు పైగా కేసులు, రెండు వేల మరణాలు తప్పాయని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా. టీకా వేయడానికి వయసు చాలని పసిపిల్లల్లో కూడా జబ్బు తగ్గింది. చుట్టూ వైరస్ తిరగడం ఆగిపోతే టీకా వేయనివాళ్ళకూ రక్షణ దొరుకుతుందన్నమాట.

బ్రిటన్ నిపుణులు ఇదంతా చూస్తూ కూడా కదల్లేదు. వాళ్ళ చేతిలో హోప్ సింప్సన్ ఊహ ఉంది. దాన్ని పట్టుకుని కట్టిన గణిత నమూనాలు ఒక హెచ్చరిక చేశాయి. పిల్లల్లో ఆటలమ్మ పోతే పెద్దలకు వైరస్ తగలడం ఆగిపోతుంది, కొన్ని దశాబ్దాల పాటు నడివయసు వాళ్ళలో సర్పి పెరుగుతుంది అని. పిల్లల సుఖం కోసం వాళ్ళ తల్లిదండ్రుల్నీ తాతల్నీ బాధపెట్టడం న్యాయమా? 2010 ప్రాంతంలో బ్రిటన్ టీకాల సలహా సంఘం ఈ కారణంతోనే కాదంది.

ఆ భయం ఎంతవరకు నిజమైంది? ఊహలో పస ఉంది. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఇంట్లో పిల్లలకు ఆటలమ్మ వచ్చిన పెద్దల్లో మొదటి రెండేళ్ళు సర్పి ముప్పు 33 శాతం తగ్గింది, పది నుంచి ఇరవై ఏళ్ళ తర్వాత కూడా 27 శాతం తక్కువగా ఉంది. రక్షణ ఉంది, కానీ నమూనాలు అనుకున్నంత గట్టిది కాదు. అమెరికాలో ఆటలమ్మ టీకాకు ముందు నుంచే సర్పి మెల్లగా పెరుగుతూ వచ్చింది, టీకా వచ్చాక ఆ పెరుగుదల వేగం హెచ్చలేదు. టీకా వేసుకున్న పిల్లల్లోనైతే సర్పి 78 శాతం తక్కువని 2019లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనం చూపింది. ఈలోగా సర్పికే విడిగా టీకా వచ్చింది. పెద్దల్ని కాపాడటానికి పిల్లల ఒంట్లో వైరస్‌ను తిరగనివ్వాలన్న వాదం దానితో బాగా పలచబడింది. 2023 నవంబరులో బ్రిటన్ సంఘం మాట మార్చుకుని, 12, 18 నెలల వయసులో తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకాతో కలిపి వేయమంది.

మాట మార్చుకోవడం తప్పు కాదు. తమ నమూనాను కొత్త లెక్కలతో సరిచూసుకుని దిద్దుకున్నారు. మన దగ్గర మాత్రం బ్రిటన్ 2010లో చెప్పింది పట్టుకుని "అక్కడే వద్దన్నారు" అని చెప్పడం ఇంకా ఆగలేదు. ఆ కారణానికి కాలం చెల్లింది.

వేడి దేశాల చిక్కు

అసలు చిక్కుముడి ఇక్కడుంది. చల్లటి దేశాల్లో టీకా లేకపోతే పదేళ్ళు నిండేలోపే దాదాపు పిల్లలందరికీ ఆటలమ్మ వచ్చిపోతుంది. వేడి దేశాల్లో అలా కాదు, యుక్తవయసు దాటినా రానివాళ్ళు చాలామంది ఉంటారు. కరీబియన్‌లోని సెయింట్ లూసియా ద్వీపం గురించి 1993లో వచ్చిన అధ్యయనం ఇదే చూపింది.

ఎందుకలా? వేడికీ తేమకూ వైరస్ నిలవదని కొందరన్నారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పొక్కుల్లోని వైరస్‌ను చంపుతాయని 2011లో ఫిలిప్ రైస్ వాదించాడు. 1998లో పశ్చిమ బెంగాల్ అధ్యయనం దీన్ని ఇంకో వైపు తిప్పింది. పట్నవాసుల్లో యుక్తవయసు నాటికే చాలామందికి వచ్చిపోయింది, రానివాళ్ళు ఎక్కువగా పల్లెల్లో ఉన్నారు. ఎండ పల్లెకూ పట్నానికీ ఒకటే కదా. ఇళ్ళు ఎడంగా ఉండి, వైరస్ తగిలే అవకాశం తక్కువ కావడమే కారణమని ఆ పరిశోధకుల తీర్పు. ఏదో ఒకటే కారణం అని ఇవాళ్టికీ ఎవరూ తేల్చలేదు. నాకైతే బెంగాల్ అధ్యయనం వాదనే బలంగా కనిపిస్తుంది.

పల్లె నుంచి మొదటిసారి ఇంజనీరింగ్ హాస్టలుకో, నర్సింగ్ కాలేజీకో వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఆటలమ్మ పోయడం తెలుగు రాష్ట్రాల్లో కొత్త కాదు. గదికి నలుగురు చొప్పున ఉండే చోట వైరస్‌కు అడ్డేముంది? విదేశాలకు వెళ్ళే తెలుగువాళ్ళకూ ఇది ఎదురయ్యే సంగతే. అమెరికాలో గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో ఆటలమ్మ టీకా వేసుకున్నట్టో, రక్షణ ఉన్నట్టో చూపించాలి. బ్రిటన్ ఆసుపత్రుల్లో చేరే నర్సుల్నీ ఇదే అడుగుతారు.

ఇక మన దేశపు వాదం. భారత పిల్లల వైద్యుల సంఘం రెండు డోసులు సిఫారసు చేస్తుంది, మొదటిది 15 నెలలకు. సర్కారు జాబితాలో చేర్చకపోవడానికి చెప్పే కారణాలు రెండు. మొదటిది ప్రాధాన్యం. ఆటలమ్మతో ప్రపంచవ్యాప్తంగా ఏటా 4,200 మంది చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో అంచనా వేసింది. తట్టు ఇప్పటికీ ఏటా దాదాపు లక్ష మంది ప్రాణాలు తీస్తోంది. ఉన్న డబ్బు ముందు దేనికి పెట్టాలో చెప్పనక్కర్లేదు.

రెండో కారణం ఇంకా చిక్కైనది. కనీసం 80 శాతం పిల్లలకు నిలకడగా వేయగలిగితేనే మొదలుపెట్టండి అని అదే సంస్థ సలహా. సగం మందికే వేస్తే వైరస్ తిరగడం నెమ్మదిస్తుంది, కానీ ఆగదు. టీకా పడని పిల్లలు చిన్నప్పుడు తప్పించుకుని, పెళ్ళీడుకో కాన్పు వయసుకో వచ్చాక దానికి దొరుకుతారు. గ్రీసులో రుబెల్లా విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. 1970ల మధ్య నుంచి అక్కడ టీకా దొరికినా, వేయించుకున్నవాళ్ళు సగానికి లోపే. 1993లో వచ్చిన రుబెల్లా ఉద్ధృతిలో, గర్భంలో ఉండగానే ఆ వైరస్ సోకిన శిశువులు 25 మంది పుట్టారు.

ఈ కారణం బలమైనదే. కానీ అది సర్కారు నిర్లిప్తతకు సమర్థన కాదు. సర్కారు వేయకపోతే ఎవరికీ వేయనట్టు కాదు. బంజారా హిల్స్‌లో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, విశాఖలో డబ్బున్న పిల్లలకు టీకా పడుతూనే ఉంది. కొద్దిమందికి వేసి వదిలేసే ప్రమాదకరమైన దశలోకి పట్టణాలు చర్చ లేకుండానే జారుతున్నాయి. అమలు చేయాలా వద్దా అనే తర్జనభర్జనలో ఈ సంగతి పక్కకు పోయింది.

ఇంటి పద్ధతులు, మందులు

వేపమండలు, పసుపు, చలవ పదార్థాలు, తాలింపు వేయకపోవడం, మాంసం వండకపోవడం. వీటిని మూఢనమ్మకాలని ఒక్క మాటతో తోసేసేవాళ్ళున్నారు, ఇవే మందని నమ్మేవాళ్ళూ ఉన్నారు. గుమ్మానికి వేపమండ చూసి బయటివాళ్ళు లోపలికి రాకపోవడం మంచి ఏర్పాటు. పెరుగన్నం, మజ్జిగ జ్వరం ఉన్న పిల్లలకు హాయినిస్తాయి. కీడు చేసేవి మూడు. తొమ్మిది రోజులు నీళ్ళు పోయకుండా ఉంచడం, దానివల్ల గోకిన పొక్కుల్లో చీము పడుతుంది. అమ్మవారికి కోపం వస్తుందని ఆయాసమొచ్చినా డాక్టరు దగ్గరికి పోకపోవడం. పలకరించడానికి వచ్చిన గర్భిణిని లోపలికి రానివ్వడం.

మందుల వైపు తేలిన సంగతులు కొన్ని. జ్వరానికి పారాసిటమాల్. ఆస్పిరిన్ ఇవ్వకూడదు, మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ రావచ్చు. ఎసైక్లోవిర్ దద్దు మొదలైన 24 గంటల్లో ఇస్తే పిల్లల్లో జబ్బు సుమారు ఒక రోజు తగ్గుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ దాన్ని సిఫారసు చేయరు. పెద్దలకు మాత్రం మొదటి రోజే ఇవ్వడం మేలు. "అమ్మవారు కదా, మందు వేయకూడదు" అని మూడు రోజులు ఆగితే ఆ అవకాశం చేజారుతుంది.

పక్కపక్కన పెడితే

రానివ్వమనే వాదానికి ఖర్చు లేదు, కానీ పెద్దల్లో మరణాల లెక్క చూడదు. అందరికీ వేయమనే అమెరికా దారికి మూడు దశాబ్దాల రుజువుంది, అది డబ్బూ క్రమశిక్షణా ఉన్న వ్యవస్థలో వచ్చిన రుజువు. బ్రిటన్ సంకోచానికి సిద్ధాంత బలం ఉండేది, ఇప్పుడు పలచబడింది. ముప్పున్నవాళ్ళకే ముందు వేయాలనే నాలుగో మాట ఒకటుంది. వైద్య సిబ్బంది, నర్సింగ్ విద్యార్థులు, ఆటలమ్మ రాని యువతులు, క్యాన్సర్ పిల్లల ఇంట్లోవాళ్ళు. ఖర్చు తక్కువ, జబ్బు పెద్ద వయసుకు జరిగే భయం లేదు. దీనివల్ల పిల్లల్లో ఆటలమ్మ తగ్గదు, పైగా ఆటలమ్మ రానివాళ్ళెవరో పరీక్షతోనో, అడిగో తేల్చుకోవాలి. మన పరిస్థితికి ప్రస్తుతం ఇదే సరిపోతుందని నా అభిప్రాయం.

ఇంకా తేలనివి

సగం మందికే టీకా పడితే పెద్దల్లో ఆటలమ్మ నిజంగా పెరుగుతుందా? రుబెల్లా అనుభవం అవునంటుంది. ఆటలమ్మ విషయంలో అమెరికాలో టీకా పెరుగుతున్న తొలి ఏళ్ళలో కూడా అన్ని వయసుల్లోనూ కేసులు తగ్గాయి. అక్కడ వేగంగా పెరిగింది కాబట్టి సరిపోయింది, నింపాదిగా జరిగే చోట ఏమవుతుందో నమూనాలే చెప్తున్నాయి.

అన్ని టీకాలూ ఒకటేనా? దక్షిణ కొరియా 2005 నుంచి పిల్లలకు ఒక డోసు వేస్తోంది, దాదాపు అందరికీ పడింది. అయినా నమోదయ్యే కేసులు ఏళ్ళ తరబడి పెరిగాయి. ఒక్క డోసు చాలకపోవడమా, అక్కడ వాడిన టీకాల్లో తేడానా, నమోదు మెరుగుపడటమా అన్నది వాదనగానే మిగిలింది. చవకైన దేశీయ టీకా వైపు చూసే మనకు ఈ ప్రశ్న ముఖ్యం.

టీకా రక్షణ అరవై ఏళ్ళు నిలుస్తుందా? 1995లో అమెరికాలో టీకా వేయించుకున్న పిల్లలకు ఇప్పుడు ముప్పై ఏళ్ళు. సర్పి వయసుకు వాళ్ళు చేరాకే జవాబు దొరుకుతుంది.

మనం ఎవరినీ అడగకుండానే తేల్చుకోగల ప్రశ్న ఒకటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆటలమ్మ ఏ వయసులో వస్తోంది? వ్యాధుల నిఘా వ్యవస్థ వారవారం ఇచ్చే నివేదికల్లో ఆటలమ్మ ప్రబలిన ఊళ్ళూ హాస్టళ్ళూ తరచుగా కనిపిస్తాయి. అక్కడికి వెళ్ళిన ఆరోగ్య కార్యకర్త ప్రతి కేసు పక్కన వయసు, టీకా పడిందా లేదా, గర్భిణి అవునా కాదా అని మూడు గడులు నింపితే చాలు. అయిదేళ్ళకు ఒక పట్టిక తయారవుతుంది. జాతీయ టీకాల సలహా బృందం ముందు పెట్టవలసిన మొదటి కాగితం అదే.

ఆ పట్టిక వచ్చేలోగా, పెళ్ళి కుదిరిన అమ్మాయికి చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందో లేదో ఇంట్లో పెద్దల్ని అడగండి. పోయలేదంటే డాక్టరుకు చూపించి రెండు డోసులు వేయించండి. చివరి డోసు తర్వాత కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.